నల్ల తామర పురుగు, ఆరేళ్ల ముందటి పత్రం

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగని, కిందికి ముడుచుకుంటే నల్లి అని గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పుస్తకంతో పనిలేకుండానే పోల్చుకుంటారు గాని, 2021-22 పంటకాలంలో పూలలో గుంపులుగా చేరి, పూత రాల్చి, కాయ నిలవనీయని పురుగు వారెరిగిన తామర పురుగు కాదు. ముదురు రంగువల్ల నల్ల తామర పురుగని పేరుపడిన ఆ జాతికి శాస్త్రనామం త్రిప్స్ పార్విస్పినస్. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగు బెంగళూరు బొప్పాయి తోటల్లో కనిపించిందని భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్తలు 2015లోనే ప్రకటించారు. ఆ పత్రం వెలువడిన ‘జర్నల్ ఆఫ్ ఇన్‌సెక్ట్ సైన్స్’ను ఎవరైనా పైసా చెల్లించకుండా చదువుకోవచ్చు; అంటే మిరప పూత రాలడానికి ఆరేళ్ల ముందునుంచే ఆ సంగతి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది, కాకపోతే ఇంగ్లీషులో ఉంది.

ఉచితంగా దొరకడమే అరుదు. పరిశోధనా పత్రికల వ్యాపారంలోని లెక్క బయటివారికి వింతగా తోస్తుంది. ప్రభుత్వం జీతమూ పొలమూ ప్రయోగశాలా ఇచ్చి చేయించిన పరిశోధనను శాస్త్రవేత్త పారితోషికం లేకుండా పత్రికకు ఇస్తాడు. అందులోని తప్పొప్పులను సమీక్షకులనే సాటి శాస్త్రవేత్తలు సాధారణంగా ఊరికే సరిచూసి పెడతారు. ప్రచురణకర్త దానిని పత్రికలో వేసి, హక్కులు తన పేర రాయించుకొని, ఆ శాస్త్రవేత్త పనిచేసే విశ్వవిద్యాలయపు గ్రంథాలయానికే ఏడాది చందాకు అమ్ముతాడు. విత్తనం, దుక్కి, కోత కూలి అన్నీ రైతువే అయినా, పండిన కాయను అతడే మార్కెట్ యార్డులో తిరిగి కొనుక్కోవలసి రావడం వంటిదిది. దీనికి విరుగుడుగా 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటనతో బలం పుంజుకున్న ‘ఓపెన్ యాక్సెస్’, అంటే పాఠకుడు డబ్బు చెల్లించనక్కరలేని ప్రచురణ పద్ధతి, మంచిదే. అయితే చాలా పత్రికలు ఆ ఖర్చును రచయిత నెత్తిన వేశాయి. ‘నేచర్’ పత్రిక 2020లో ప్రకటించిన రుసుము ఒక్కో పత్రానికి 9,500 యూరోలు.

భారత ప్రభుత్వం మరో దారి పట్టింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం, 2025 నుంచి మూడేళ్లకు సుమారు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. లెక్కకు పెద్దదే అయినా ఇది అద్దె ఇల్లు వంటిది. గడువు తీరితే మళ్లీ బేరమాడాలి. పైగా తొలి దశలో ప్రైవేటు కళాశాలలకు ఇందులో చోటు లేదు, గుంటూరు చుట్టుపక్కల వడ్లమూడి నుంచి వడ్డేశ్వరం దాకా ఉన్నవి ప్రధానంగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలే. ఇక రైతు మాట చెప్పనక్కరలేదు. అంతకంటె నిలకడైన పని భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో చేసింది: తన సంస్థల పరిశోధన అందరికీ తెరిచి ఉండాలని విధానం ప్రకటించింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే ‘కృషికోశ్’ అనే ఆన్‌లైన్ భాండాగారం కూడా ఉంది.

అయినా తలుపు తెరిచినంత మాత్రాన లోపలి సరుకు నడిచి ఊరికి రాదు. ఈ సంగతి కృష్ణా తీరానికి కొత్తదీ కాదు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగిన నాలుగేళ్లకు వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి పాత పత్రికల కోసం పరిశోధకులు నేటికీ వెళ్తుంటారు. అంత దూరం వెళ్లలేనివారి కోసం గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాలను పడవకెక్కించి, కృష్ణా కాలువ వెంట ఊరూరి రేవుకు పంపారు. పుస్తకం వెల చెల్లించడం ఒక పని, దానిని రేవు చేర్చడం మరో పని అని ఆ తరం గుర్తించింది. నేటి ఓపెన్ యాక్సెస్ చర్చలో మొదటి పనికి 9,500 యూరోల లెక్కలు, 6,000 కోట్ల లెక్కలు కనిపిస్తాయి. రెండోదానికి, అంటే ఇంగ్లీషు పత్రంలోని నాలుగు అవసరమైన మాటలను తెలుగులో రాసి, ఫలానా పురుగు బెంగళూరు దాకా వచ్చింది, పూలను విదిలించి చూసుకోండి అని ముందుగా చెప్పే పనికి, ఏ పద్దులోనూ రుసుము కనిపించదు. లాం వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్న గుంటూరు జిల్లాలోనే, పురుగును పట్టే నీలి రంగు జిగురు అట్టలు కట్టమన్న సలహా తెలుగులో ఊరూరా వినిపించేసరికి పురుగు చేలలో దిగి ఉంది.