వార్తల్లో పదం: హిస్టెరెక్టమీ

గర్భసంచిని ఆపరేషన్ చేసి తీసేయడమే హిస్టెరెక్టమీ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన ఆడవాళ్లకే జబ్బులు దాదాపు మూడు రెట్లు ఎక్కువంటే నమ్మలేం. తేడా ఎక్కువగా ఆపరేషన్‌కు తొందరపెట్టడంలో ఉండొచ్చు. అనవసర ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

బద్వేలులో కూలికి వెళ్లే మహిళకు స్కానింగ్ రిపోర్టులో ‘బల్కీ యుటెరస్’ అన్న మాట చూపిస్తే గుండె జారిపోతుంది. గర్భసంచి కాస్త పెద్దదైందనే దానర్థం, క్యాన్సర్ అని కాదు. తెల్లబట్టకు చాలాసార్లు మందులే చాలు. అధిక రక్తస్రావానికి ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ లూప్ ఉన్నాయి. ఫైబ్రాయిడ్లు ముట్లు ఆగాక సాధారణంగా కుంచించుకుపోతాయి. ‘పిల్లలు పుట్టేశారు, ఇక గర్భసంచితో పనేముంది, నెలనెలా కూలి పోగొట్టుకోవడమెందుకు?’ అంటారు కొందరు. ఆ బాధ నిజమే. కానీ ఆపరేషన్ తర్వాత కూడా వారాల తరబడి బరువులెత్తకూడదు. చిన్న వయసులో అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. క్యాన్సర్ తేలినా, రక్తస్రావం మందులకు లొంగకపోయినా ఆపరేషన్‌కు జంకకూడదు. మిగతా వాళ్లు కడప ప్రభుత్వాసుపత్రికి బస్సెక్కి ఇంకో డాక్టర్ని అడగడం మంచిది: మందులు వాడి చూడొచ్చా, బయాప్సీ అవసరమా, అండాశయాలు ఉంచుతారా?