వంక నీళ్లు పాడయ్యేది మన చేని గట్టు దగ్గరే



చెరువులు, వంకలు ఎందుకు పాడవుతున్నాయంటే ఫ్యాక్టరీలు, ఊరి మురుగు అంటాం. అదీ నిజమే. కానీ ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో నేను ఎక్కువగా చూసేది చేని నుంచి పోయే నీళ్లు. మన నల్లరేగడి తడిస్తే నీళ్లు తొందరగా ఇంకవు. పెద్ద వాన పడితే పత్తి చేను మీద పారి వంకలో పడతాయి. హంద్రీలో కలిసినా, నేరుగా పోయినా చివరికి చేరేది తుంగభద్రకే.

ఆ నీళ్లతో ఏం పోతుందో లెక్క చూద్దాం. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, ఎరువుల లెక్కలో 23 కిలోల భాస్వరం ఉంటాయి. పైరు తీసుకోని నత్రజని నైట్రేటుగా మారి బావికి, బోరుకు దిగుతుంది. తాగేనీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. దాటిన నీళ్లతో డబ్బా పాలు కలిపి తాగిస్తే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగ్గా మోయలేదు.

భాస్వరం మట్టికి అంటుకుని వరదతో చెరువుకు పోతుంది. అక్కడ నాచుకు, గుర్రపుడెక్కకు అదే ఎరువు. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు చస్తాయి.

ఇక పురుగుమందు. చేపలకు విషమైన ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపేసింది. మిగతా మందులు కొట్టిన పంపులను ఇప్పటికీ కాలువలో కడిగేవాళ్లున్నారు. ఎల్లెల్సీ నీళ్లు పైరుకే కాదు, మన ఊళ్లకు తాగడానికీ వస్తాయని మరిచిపోతున్నాం.

"మేం రసాయనాలు వాడం కదా, మాకేం సంబంధం?" అంటారేమో. పేడలోనూ నత్రజని, భాస్వరం ఉన్నాయి, రోగక్రిములూ ఉంటాయి. వంక ఒడ్డున దిబ్బ వేస్తే వాననీళ్లు వాటిని నేరుగా మోసుకుపోతాయి. అగ్నిఅస్త్రంలో వేసే పొగాకులో నికోటిన్ ఉంటుంది. అది చేపలకూ, తేనెటీగలకూ విషమే.

అందుకే ఈ నాలుగు పనులు చేద్దాం:

- వంక వైపు గట్టున రెండు మూడు మీటర్ల గడ్డి వదలండి. మట్టి అక్కడే ఆగుతుంది.
- వాలుకు అడ్డంగా దున్ని విత్తండి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచండి.
- పేడ దిబ్బ వంకకు దూరంగా, మెరక మీద వేసి, చుట్టూ కట్ట పోయండి.
- కషాయం డ్రమ్ములు, పంపులు కడిగిన నీళ్లు చేనిలోనే పోయండి.

వీడియోలో చూపించిన సీసా పరీక్ష మీరూ చేయండి. వాన పడ్డప్పుడు చేని చివర పారే నీళ్లు గాజుసీసాలో పట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లారి అడుగున పేరుకున్న మట్టి, పైన తేలే బురద చూస్తే మన చేను ఎంత వంకపాలవుతోందో తెలుస్తుంది. గడ్డి గట్టు పెరిగాక మళ్లీ పట్టి, రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూడండి.