ఐరిష్ ప్రజలు: జనాభా, భాష, మతాల పరస్పర సంబంధం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఐర్లండ్ ద్వీపంలో జనాభా, భాష, మతం ఒకదానితో ఒకటి ముడిపడి మారుతూ వచ్చాయి. 19వ శతాబ్దపు మహాక్షామం జనసంఖ్యతోపాటు ఐరిష్ భాషనూ దెబ్బతీసింది. భాష వెనుకబడిన చోట మతం జాతీయ గుర్తింపుగా బలపడింది. నేడు ఆ మతానుబంధం కూడా సడలుతోంది. ఈ పరిణామక్రమాన్ని జనాభా లెక్కల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఐర్లండ్, మహాక్షామం, ఐరిష్ భాష, గేల్టాక్ట్, కాథలిక్ మతం, జనాభా లెక్కలు.

1. ప్రవేశిక:
ఐర్లండ్ ద్వీపం రాజకీయంగా రెండు భాగాలు. 26 కౌంటీలతో కూడిన ఐర్లండ్ స్వతంత్ర గణతంత్ర రాజ్యం. ఈశాన్యంలోని 6 కౌంటీలు ఉత్తర ఐర్లండ్ పేరుతో బ్రిటన్ పాలనలో ఉన్నాయి. 1921లో జరిగిన ఈ విభజన వెనుక మతపరమైన జనవిభజన ఉంది. కాగా ‘ఐరిష్’ అనే మాట ఒక ప్రజకూ, ఒక భాషకూ కూడా పేరు. ఆ ప్రజలలో అత్యధికుల వాడుక భాష మాత్రం ఇంగ్లీషు. పేరుకూ వాడుకకూ మధ్య ఈ దూరం ఎలా ఏర్పడిందో తెలియాలంటే ముందుగా జనాభా చరిత్రను చూడాలి.

2. జనాభా:
1841 లెక్కల ప్రకారం ద్వీపం జనాభా సుమారు 81.75 లక్షలు. పల్లెల్లోని పేదలు చిన్న కౌలు కమతాల మీద బతికేవారు. బంగాళాదుంపే వారి ప్రధానాహారం. 1845లో ఆ పంటకు సోకిన తెగులు తర్వాతి ఏడాదులలోనూ తిరగబెట్టింది. 1852 నాటికి ఆకలితో, అంటురోగాలతో సుమారు 10 లక్షల మంది మరణించారు. అంతకు తగ్గని సంఖ్యలో ప్రజలు దేశం విడిచారు. ఆ కాలంలోనే ఐర్లండ్ రేవుల నుంచి ధాన్యం, పశువులు ఎగుమతి అవుతుండడం చరిత్రకారులు పదేపదే ప్రస్తావించే విషయం.

1851 నాటికి ద్వీపం జనాభా 65.5 లక్షలకు పడిపోయింది. క్షామం ముగిసినా వలస ఆగలేదు. నేటి గణతంత్ర రాజ్యపు పరిధిలో 1961లో నమోదైన 28.18 లక్షలు అన్నిటికన్నా తక్కువ సంఖ్య. 2022లో ఆ సంఖ్య 51,49,139కి చేరింది. ఈ పరిధిలో జనాభా 50 లక్షలు దాటడం 1851 తర్వాత అదే మొదటిసారి. 2021లో ఉత్తర ఐర్లండ్ జనాభా 19,03,175. రెండూ కలిపినా 1841 నాటి సంఖ్యకు ఇంకా 10 లక్షలకు పైగా తక్కువే. మరోవైపు, ఒక్క అమెరికాలోనే తమను ఐరిష్ సంతతిగా చెప్పుకునేవారు 3 కోట్లకు పైగా ఉన్నారు.

వలసలు పంపిన దేశం ఇప్పుడు వలసలను స్వీకరిస్తోంది. 2022లో గణతంత్ర రాజ్య నివాసులలో 20 శాతం మంది ఇతర దేశాలలో పుట్టినవారు. భారత పౌరులే 45 వేలకు పైగా ఉన్నారు. సంచార జీవన సంప్రదాయం గల ‘ట్రావెలర్లు’ సుమారు 33 వేల మంది. వారిని ప్రత్యేక జాతి సమూహంగా ప్రభుత్వం 2017లో గుర్తించింది.

3. భాషలు:
ఐరిష్ ఇండో-యూరోపియన్ కుటుంబంలోని కెల్టిక్ శాఖకు చెందిన భాష. స్కాటిష్ గేలిక్, మాంక్స్ దీనికి సోదర భాషలు. వాక్యంలో క్రియ ముందు వస్తుంది. ‘అవును’, ‘కాదు’ అనే అర్థంలో విడి పదాలు లేవు. ‘వచ్చావా?’ అని అడిగితే ‘వచ్చాను’, ‘రాలేదు’ అని క్రియతోనే బదులివ్వాలి. తెలుగువారికి ఈ పద్ధతి సుపరిచితమే. ఐర్లండ్‌లో మాట్లాడే ఇంగ్లీషులోనూ ఈ అలవాటు జాడలు మిగిలాయి.

భాషాక్షయం క్షామంతోనే మొదలుకాలేదు. పాలన, న్యాయస్థానం, వ్యాపారం అప్పటికే ఇంగ్లీషులో సాగుతున్నాయి. 1831లో ఏర్పడిన జాతీయ పాఠశాలలు ఇంగ్లీషులో బోధించాయి. కాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన డేనియల్ ఓకానెల్ ఐరిష్ మాతృభాషగా పెరిగినవాడే. అయినా తన రాజకీయోద్యమాన్ని ఇంగ్లీషులోనే నడిపాడు. అప్పటికి ఐరిష్ ప్రధానంగా పశ్చిమ, దక్షిణ ప్రాంతాల పేదల భాషగా మిగిలింది. క్షామం తీవ్రంగా తాకిందీ వారినే. పశ్చిమాన ఉన్న కొనాట్ ప్రాంతం పదేళ్లలో నాలుగో వంతుకు పైగా జనాన్ని కోల్పోయింది. బతికినవారికి వలస తప్పలేదు. వలసకు ఇంగ్లీషు అవసరమైంది. తల్లిదండ్రులు తమ భాషను పిల్లలకు అందించడం మానుకున్నారు. భాష గురించి తొలిసారి ఆరా తీసిన 1851 లెక్కలలో ఐరిష్ తెలిసినవారు సుమారు 15.24 లక్షలు, అంటే జనాభాలో 23 శాతం.

1893లో డగ్లస్ హైడ్, ఓయిన్ మక్‌నీల్ తదితరులు గేలిక్ లీగ్ స్థాపించి పునరుద్ధరణకు పూనుకున్నారు. 1937 రాజ్యాంగం ఐరిష్‌ను జాతీయ భాషగా, ప్రథమ అధికార భాషగా ప్రకటించింది. 2007లో అది యూరోపియన్ యూనియన్ అధికార భాష అయింది. పాఠశాలల్లో నేటికీ బోధిస్తున్నారు.

2022లో ఐరిష్ మాట్లాడగలమని చెప్పినవారు 18,73,997 మంది, దాదాపు 40 శాతం. వీరిలో విద్యాలయాల వెలుపల రోజూ మాట్లాడేవారు 71,968 మంది మాత్రమే. ఐరిష్ వాడుక నిలిచిన ‘గేల్టాక్ట్’ ప్రాంతాలలో అలాంటివారు సుమారు 20 వేలు. ఇంగ్లీషు, ఐరిష్ కాక మరో భాషను ఇంట్లో మాట్లాడేవారు 7,51,507 మంది. వాటిలో పోలిష్‌ది మొదటి స్థానం.

4. మతాలు:
5వ శతాబ్దంలో సెయింట్ పాట్రిక్ వంటి ప్రచారకుల ద్వారా క్రైస్తవం ఐర్లండ్‌లో వ్యాపించింది. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజ్యం ప్రొటెస్టెంట్ మార్గం పట్టినా ఐరిష్ ప్రజలలో అధికులు కాథలిక్కులుగానే నిలిచారు. 17వ శతాబ్దారంభంలో అల్‌స్టర్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ల నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లకు భూములిచ్చి స్థిరపరిచారు. తర్వాత వచ్చిన శిక్షాశాసనాలు కాథలిక్కుల భూమి హక్కును, విద్యను, పదవులను కట్టడి చేశాయి. 1829లో వారికి పార్లమెంటు ప్రవేశం లభించింది.

పాలితులను పాలకుల నుంచి వేరుచేసే గుర్తుగా భాష క్షీణించాక, ఆ స్థానం ప్రధానంగా మతానికి దక్కింది. అయితే ఈ సమీకరణం సంపూర్ణం కాదు. గేలిక్ లీగ్ నాయకుడూ, 1938లో దేశ తొలి అధ్యక్షుడూ అయిన హైడ్ ప్రొటెస్టెంట్ మతగురువు కుమారుడు.

1961లో గణతంత్ర రాజ్యంలో కాథలిక్కులు 95 శాతం. రాజ్యాంగం చర్చికి ఇచ్చిన ‘ప్రత్యేక స్థానం’ 1972 ప్రజాభిప్రాయ సేకరణతో తొలగింది. చర్చి సంస్థలలో పిల్లలపై జరిగిన హింసను 2009 నాటి విచారణ నివేదిక వెల్లడించింది. విడాకులు (1995), స్వలింగ వివాహం (2015), గర్భస్రావం (2018) విషయంలో ప్రజలు చర్చి బోధనకు భిన్నంగా ఓటు వేశారు. కాథలిక్కుల శాతం 2016లో 79 కాగా 2022లో 69. మతం లేదన్నవారు 7,36,210. ఆర్థడాక్స్ క్రైస్తవులు, ముస్లింలు, హిందువులు వలసలతో పెరుగుతున్న వర్గాలు.

5. ఉత్తర ఐర్లండ్:
ఈ ప్రాంతం ప్రొటెస్టెంట్ల ఆధిక్యం ఆధారంగా ఏర్పడింది. దశాబ్దాల హింస తర్వాత 1998 ఒప్పందం, తమను ఐరిష్‌గా, బ్రిటిష్‌గా లేదా రెండుగానూ చెప్పుకునే హక్కును ఇక్కడివారికి గుర్తించింది. 2021లో కాథలిక్కులు, కాథలిక్ కుటుంబాలలో పెరిగినవారు 45.7 శాతం. ప్రొటెస్టెంట్ నేపథ్యం గలవారు 43.5 శాతం. అయితే తమను ఐరిష్‌గా మాత్రమే పేర్కొన్నవారు 29.1 శాతమే. మతాన్ని బట్టి జాతీయతను ఊహించడం పొరపాటని ఈ అంకెలు చెబుతున్నాయి.

6. ముగింపు:
ఐరిష్ అస్తిత్వం ఏ ఒక్క కొలతకూ లొంగదు. భాషను కోల్పోయినా ఆ ప్రజలు ఒక ప్రజగానే నిలిచారు. అయితే రాజ్యాంగ స్థానం, పాఠశాల బోధన సమకూరినా ఇంటి భాష తిరిగి రాలేదు. భాషను ‘తెలిసినవారి’ సంఖ్యకూ ‘రోజూ మాట్లాడేవారి’ సంఖ్యకూ మధ్య అంతరాన్ని వారి జనాభా లెక్కలు దాచకుండా చూపుతున్నాయి. మన దేశపు లెక్కలు మాతృభాషను, తెలిసిన ఇతర భాషలను నమోదు చేస్తాయి గాని, నిత్య వ్యవహారంలో వాటి వాడుకను అడగవు. తెలుగు స్థితిగతులను చర్చించేటప్పుడు కోట్ల సంఖ్యతో సరిపెట్టుకోక, పిల్లలతో ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నామన్న ప్రశ్ననూ చేర్చుకోవాలి. ఐర్లండ్ లెక్కల నుంచి తెలుగు పరిశోధకులు గ్రహించదగిన పాఠం ఇదే.