వార్తల్లో పదం: సైనిక సాక్ష్యం

యుద్ధంలోనో ఆక్రమిత ప్రాంతంలోనో పనిచేసిన సైనికులు తాము చూసినదీ చేసినదీ బయటపెట్టడమే సైనిక సాక్ష్యం. 2004లో ఇజ్రాయెల్ మాజీ సైనికులు స్థాపించిన ‘బ్రేకింగ్ ద సైలెన్స్’తో ఈ మాటకు ప్రచారం వచ్చింది. మనకిది దూరపు సంగతేమీ కాదు. తిరువళ్లూరు జిల్లా గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరం ఉంది. వారిని ఇళ్లు విడిచి వచ్చేలా చేసిన యుద్ధంలో 1987 నుంచి 1990 దాకా భారత శాంతి సేన కూడా పాల్గొంది. ఆ సేనకు నాయకత్వం వహించిన మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ తన పుస్తకంలో ఒక ఫోన్ కాల్ గురించి రాశారు. చర్చలకు వచ్చే తమిళ పులుల నేత ప్రభాకరన్‌ను బంధించమని, లేదంటే కాల్చేయమని శ్రీలంకలో అప్పటి భారత రాయబారి దీక్షిత్ చెప్పారట. మాటలకు పిలిచినవాణ్ని కాల్చడం సైన్యం పని కాదని తాము నిరాకరించామన్నారు.

పుస్తకం 2007లో వచ్చింది, దీక్షిత్ 2005లోనే కన్నుమూశారు, ఇక జవాబు చెప్పేదెవరని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే సాక్ష్యం తీర్పు కాదు, విచారణకు తొలిమెట్టు. సేన వెళ్లింది శ్రీలంకతో కుదిరిన ఒప్పందం మీద, అది ఆక్రమణ ఎలా అవుతుందన్నది మరో అభ్యంతరం. కానీ 1987 అక్టోబరులో శాంతి సేన ప్రవేశించిన జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, వైద్యులు, నర్సులు సహా సుమారు 70 మంది చనిపోయారు. ఎదురుకాల్పుల్లో పోయారని సైన్యం, కాదని బతికి బయటపడ్డవారు చెప్పారు. గాయపడినవారిని కాపాడాలన్న జెనీవా నియమం సేన ఏ కాగితం పట్టుకొచ్చిందో అడగదు. నోరు విప్పితే సైన్యం పరువు పోతుందనేవారు ఒకటి గమనించాలి: ప్రభాకరన్‌ను కాల్చబోమన్న ఆ నిరాకరణ కూడా ఒక సైనికుడు చెబితేనే మనకు తెలిసింది.