రాయితీ స్కూటర్ దాకా వచ్చింది, లారీ సంగతేంటి?

చిలమకూరు అనగానే కడప జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సిమెంటు ఫ్యాక్టరీ. దాన్ని నడిపే ఇండియా సిమెంట్స్ 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. అదే ఎర్రగుంట్ల మండలంలో కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఆర్టీపీపీ అంటేనే జనానికి తెలుస్తుంది. ఎర్రగుంట్లలో జువారి, జమ్మలమడుగు వైపు దాల్మియా, కమలాపురం దగ్గర నల్లలింగాయపల్లెలో భారతి, అన్నీ సిమెంటు ఫ్యాక్టరీలే. ఆర్టీపీపీలో బొగ్గు కాలాక మిగిలిన బూడిద బల్కర్లనే ట్యాంకర్ లారీల్లో ఫ్యాక్టరీలకు చేరుతుంది. సిమెంటు బస్తాలు లారీలెక్కి బయటికి పోతాయి. నాపరాళ్ల లోడ్లు వేరే.

డీజిల్ పొగ తగ్గాలంటే ఈ ప్రాంతంలో ముందు మారాల్సింది ఈ బళ్లే. రాయితీలు మాత్రం వీటి దగ్గరకు అందరికన్నా ఆలస్యంగా వచ్చాయి.

ఎలక్ట్రిక్ బళ్లకు కేంద్రం సాయం ‘ఫేమ్’ పేరుతో 2015 ఏప్రిల్‌లో మొదలైంది. 2019లో 10,000 కోట్ల రూపాయలతో రెండో విడత వచ్చింది. స్కూటర్ కొనేవారికి బ్యాటరీ సామర్థ్యాన్ని బట్టి, కిలోవాట్ అవర్‌కు ఇంత అని లెక్కగట్టి ధరలో తగ్గించారు. 2021 జూన్‌లో ఆ మొత్తాన్ని 10,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు, బండి ధరలో 40 శాతం మించకూడదన్నారు. 2023 జూన్ 1న మళ్లీ 10,000కు దించి, పరిమితిని 15 శాతానికి కుదించారు. అదే స్కూటర్‌కు మే నెలలో కొన్నవారు ఒక ధర, జూన్‌లో కొన్నవారు ఎక్కువ ధర చెల్లించారు. 2024 అక్టోబరులో 10,900 కోట్లతో ‘పీఎం ఈ-డ్రైవ్’ మొదలయ్యేసరికి సాయం కిలోవాట్ అవర్‌కు 5,000కు, రెండో ఏడాది 2,500కు పడిపోయింది. పథకాన్ని 2028 మార్చి దాకా పొడిగించినా, టూవీలర్లకు, ఆటోలకు 2026 మార్చి 31నే గడువు పెట్టారు.

చేతికందే సబ్సిడీ తగ్గుతూ పోయినా, బిల్లులో కలిసిపోయి కనిపించని మేలు ఒకటి నిలిచింది. అదే జీఎస్టీ. 2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ బండికి 5 శాతమే. అప్పట్లో పెట్రోల్ బండికి 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్లకు, 350 సీసీ లోపు బైకులకు దాన్ని 18కి తగ్గించారు. సామాన్యుడికి అది మంచి కబురే. కానీ ఎలక్ట్రిక్ స్కూటర్‌కున్న పన్ను తేడా 23 నుంచి 13 శాతానికి చిక్కిపోయింది. పర్యావరణం కోసం రాసిన ఏ చట్టంలోనూ ఈ మార్పు లేదు, ప్రభావం మాత్రం గట్టిగానే ఉంటుంది.

రోడ్డు పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది. ఆంధ్రప్రదేశ్ 2018లోనే అయిదేళ్ల విధానం ప్రకటించి, ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. 2024 డిసెంబరులో 2024-29 కాలానికి కొత్త విధానం తెచ్చింది. తెలంగాణ 2020లో మొదటి 2 లక్షల టూవీలర్లకు, 5,000 కార్లకు అని కోటా పెట్టి, 2024 నవంబరులో ఆ కోటా ఎత్తేసి 2026 డిసెంబరు 31 దాకా పూర్తి మినహాయింపు ఇచ్చింది. కోటా కన్నా తేదీ మేలు. ఎప్పటిలోగా కొనాలో కొనేవాడికి ముందే తెలుస్తుంది. నార్వే 1990లోనే కొనుగోలు పన్ను తీసేసి దశాబ్దాల పాటు ఆ మాట మీద నిలబడింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 ఎలక్ట్రిక్‌వే.

రాయితీతో పాటు నిబంధన కూడా నడవాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే బ్యాటరీ భద్రతా ప్రమాణాలను రెండు దశల్లో, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి 31 నుంచి కఠినం చేశారు. అమ్మకాలకు సబ్సిడీ ఇచ్చే ముందే చేయాల్సిన పని అది.

ఇక లారీలు. 2025 జూలైలో పీఎం ఈ-డ్రైవ్ కింద తొలిసారి ఎలక్ట్రిక్ ట్రక్కులకు సాయం ప్రకటించారు. 3.5 టన్నుల పైనుంచి 55 టన్నుల దాకా, దేశం మొత్తానికి సుమారు 5,600 బళ్లకు వర్తిస్తుంది. బండికి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయలు ధరలోనే తగ్గిస్తారు, ముందు వచ్చినవారికి ముందు. దీనివల్ల మేలు పొందే రంగాల్లో సిమెంటు పేరును కేంద్రమే చెప్పింది. దేశంలోని బళ్లలో డీజిల్ ట్రక్కులు 3 శాతమే అయినా, రవాణా రంగం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 42 శాతం వాటివేనని అప్పుడు చెప్పిన లెక్క.

బూడిద బల్కర్ ఈ పథకానికి సరిగ్గా సరిపోయే బండి. ఆర్టీపీపీలో గొట్టం కింద నిలబడి లోడు నింపుకుంటుంది, కాటా వేయించుకుంటుంది, ఫ్యాక్టరీలో గాలి ఒత్తిడితో బూడిదను సైలోలోకి ఎక్కించి ఖాళీగా తిరిగొస్తుంది. చిలమకూరుకైతే మండలం దాటక్కర్లేదు. మళ్లీ లోడుకు సీరియల్, అంటే వరుసలో తన వంతు, వచ్చేదాకా ఆగాల్సిందే. ఆగిన చోట చార్జర్ ఉంటే దారిలో బ్యాటరీ అయిపోతుందన్న భయం ఉండదు. హైవేపై భారీ వాహనాలకు ప్రతి 100 కిలోమీటర్లకు చార్జింగ్ కేంద్రం ఉండాలని 2018లోనే కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అలాంటి కేంద్రం పెట్టడానికి విద్యుత్ లైసెన్సు కూడా అక్కర్లేదు.

ఆ కరెంటు ఆర్టీపీపీ బొగ్గుదే కదా అనే ప్రశ్న న్యాయమైనదే. అయితే జమ్మలమడుగు పక్కన మైలవరంలో సౌర విద్యుత్ పార్కు ఉంది. అక్కడి 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో ఒక ఫ్రెంచ్ సంస్థ యూనిట్ 3.15 రూపాయలకు టెండరు దక్కించుకుంది. ఎండ ఉన్నప్పుడు చార్జింగ్ ధర తక్కువగా, మిగతా వేళల్లో ఎక్కువగా ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. పగలు సీరియల్‌లో నిలబడే బల్కర్‌కు అంతకన్నా కావలసింది లేదు.

చిక్కు షరతులో ఉంది. సాయం కావాలంటే పాత ట్రక్కు తుక్కు చేసిన సర్టిఫికెట్ చూపించాలి. ఒకటీ రెండూ లారీలున్న యజమాని పాత బండి అమ్మి, ఆ డబ్బుతోనే కొత్తదానికి డౌన్ పేమెంట్ కడతాడు. తిరిగే బండిని తుక్కుకు వేస్తే వచ్చేది ఇనుము ధరే. పైగా డీజిల్ లారీని మించిన ధర, పెద్ద ఫైనాన్స్. సీరియల్ మీద కిరాయి ఆధారపడ్డవాడికి అంత అప్పు ఎవరిస్తారు?

దీనికి దారి తిరుపతిలో కనిపిస్తుంది. 2022లో ఆర్టీసీ అక్కడ మొదలుపెట్టిన 100 ఎలక్ట్రిక్ బస్సులను ఆర్టీసీ కొనలేదు. ఒక ప్రైవేటు సంస్థ బస్సులు తెచ్చి నడుపుతుంది, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. కొన్నేళ్ల ఒప్పందం చేతిలో ఉంది కాబట్టే అప్పు పుట్టింది. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలు కూడా స్థానిక లారీ యజమానుల సంఘాలతో టన్నుకు ఇంత అని అయిదారేళ్ల కిరాయి ఒప్పందం రాసుకుని, తమ ఆవరణలోనే చార్జర్లు పెడితే, ఆ కాగితం చూసి బ్యాంకు అప్పిస్తుంది. పథకం 2028 మార్చి దాకే. దేశమంతటికీ ఉన్న 5,600లో ఈ మండలం వాటా ఎంతన్నది ఎవరు ముందు దరఖాస్తు చేస్తారన్న దాన్ని బట్టే ఉంటుంది.