వేలంలో వచ్చిన క్యాండీ

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు బీరువా వైపు చూసి ఒకటే ప్రశ్న వేస్తారు. "మీకు ఆడపిల్లలా?" కాదండీ, ఒక్కడే కొడుకు, వాడికి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు. ఆ బొమ్మలన్నీ నావే. వయసు నలభై నాలుగు, ఉద్యోగం సాఫ్ట్‌వేర్, ఉండేది టోక్యోలో మనవాళ్ళు బాగా కనిపించే నిషికసాయ్‌లో.

యానిమే అంటే జపాన్ వాళ్ళ కార్టూన్లు. మనకేం కొత్త కాదు. తొంభైల్లో దూరదర్శన్‌లో మోగ్లీ కోసం టీవీ ముందు కూర్చునేవాళ్ళం, గుర్తుందా? అది 1989లో నిప్పాన్ యానిమేషన్ వాళ్ళు తీసిన సీరియలే. నాకు ఆ సంగతి ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

రోబో బొమ్మలు పోగుచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా పిచ్చి వేరు. 'క్యాండీ క్యాండీ' అని ఓ అనాథాశ్రమం పిల్ల కథ. క్యోకో మిజుకి రాస్తే యుమికో ఇగరాషి బొమ్మలు గీశారు. 1976 అక్టోబరు నుంచి 1979 ఫిబ్రవరి దాకా టీవీలో 115 భాగాలు వచ్చింది. బాందాయ్‌కి పిల్ల కంపెనీ అయిన పాపీ వాళ్ళు ఈ క్యాండీని బొమ్మగా చేసి అమ్మారు. తర్వాత రచయిత్రికీ చిత్రకారిణికీ హక్కుల దగ్గర చెడింది. కోర్టుకెళ్ళారు. 2001లో జపాన్ సుప్రీంకోర్టు ఆ బొమ్మల మీద రచయిత్రికీ హక్కు ఉందని తేల్చింది. ఇద్దరి మధ్యా మాత్రం సయోధ్య కుదరలేదు. జపాన్‌లో ఆ పుస్తకం మళ్ళీ అచ్చు కాలేదు, దుకాణాల్లోకి కొత్త క్యాండీ రాలేదు. అందుకే పాతదానికి అంత గిరాకీ. పైగా ఫ్రాన్స్, ఇటలీల్లో కూడా ఈ పిల్ల టీవీలో వచ్చింది. అక్కడి అభిమానులు మధ్యవర్తి కంపెనీల ద్వారా పాట పాడతారు.

పాట అంటే ఇక్కడ ఎక్కువగా యాహూ వేలమే. 1999 నుంచీ నడుస్తోంది. మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ముందే చెప్పేస్తే మీ తరఫున అదే పెంచుకుంటూ పోతుంది. పదివేల యెన్లు దాటాక ఒక్కో మెట్టూ 500. ఈబేలో అయితే గంట కొట్టగానే అయిపోయినట్టే. ఆఖరి క్షణంలో దూరి ఎగరేసుకుపోయే గడుసువాళ్ళదే రాజ్యం. యాహూలో అమ్మేవాళ్ళు పొడిగింపు పెట్టుకుంటే, చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పెంచిన ప్రతిసారీ ఇంకో ఐదు నిమిషాలు కలుస్తాయి. రాత్రి పది గంటలకు ముగియాల్సిన వేలం పదకొండున్నర దాకా సాగడం నేను చూశాను. మా ఆవిడ పెట్టిన షరతు ఒకటే: నెలకింత అని రాసి ఫ్రిజ్ మీద అంటించు, దాటితే బొమ్మతో పాటు నువ్వూ బాల్కనీలోనే.

అసలు విద్య వివరణ చదవడంలో ఉంది. 'జంకు' అని రాస్తే ఎలా ఉన్నది అలాగే, తర్వాత మాట్లాడకూడదని. సిగరెట్ వాసన ఉందో లేదో కూడా రాస్తారు. బాక్సు ఉంటే ధర ఎగిరిపోతుంది. పాదం కింద పేరు రాసి ఉంటే పడిపోతుంది. ఇక్కడ బడికెళ్ళే పిల్లల వస్తువులన్నిటి మీదా అమ్మలు పేర్లు రాస్తారు, ఆ అలవాటుతో బొమ్మల అరికాళ్ళ మీదా రాసేవారు. నేను కావాలని వెతికేది అవే. చవక అని మాత్రమే కాదు.

పోయిన ఏడాది అలాంటి క్యాండీ ఒకటి కనిపించింది. అరికాలి మీద నల్ల మార్కరుతో వంకరటింకర అక్షరాలు. పేరు ఎవరిదని ప్రశ్నల పెట్టెలో అడిగాను. "నాదే. మా అమ్మ వృద్ధాశ్రమానికి వెళ్ళింది, ఇల్లు పడగొడుతున్నారు" అని జవాబు వచ్చింది. ఆ రాత్రి నాతో పాటు ఇంకొకరే మిగిలారు. నాలుగుసార్లు గడువు పెరిగింది. ఫ్రిజ్ మీది అంకెకు ఇంకా 500 యెన్లు ఉన్నాయనగా అవతలివాళ్ళు ఆగిపోయారు.

పెట్టె తెరిస్తే బొమ్మతో పాటు ఫొటోలో లేని చిన్న ఫ్రాకు ఒకటి. చేత్తో కుట్టింది. మిగిలిన గుడ్డ ముక్కతో అమ్మ కుట్టిందని చీటీ రాసి పెట్టారు.

ఈ సరదా ఉన్న మిత్రుడొకాయన చూసి, "మొటిమల క్రీమ్ రాసి ఎండలో పెట్టండి, సిరా పోతుంది, రేటు పెరుగుతుంది" అన్నాడు. నిజమే. బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న క్రీమ్ వినైల్ మీది సిరా మరకను తీసేస్తుంది. ఆ పేరును తీసెయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఆవిడే ఉంచుకోకుండా ఎందుకు అమ్మారో అడగలేదు. అడిగే చనువు నాకెక్కడిది?

నా తాపత్రయమంతా వినైల్ తోనే. మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి చెమర్చి ఒళ్ళంతా జిగురవుతుంది. ప్లాస్టిక్ కవర్లో చుడితే అంటుకుపోతుంది, ముదురు రంగు బట్ట అయితే ఒంటికి రంగు దిగుతుంది. అందుకే తెల్ల కాగితమే. ఎండ తగలకూడదు, బీరువాకు గాలి ఆడాలి.

బెజవాడలో మా అమ్మ వీడియోలో చూసి ముచ్చటపడింది. "సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పిల్లని తీసుకురారా, కొలువులో కొండపల్లి బొమ్మల పక్కన పెడదాం" అంది. జనవరి కాబట్టి అక్కడ ఎండ భయం లేదు. సూట్‌కేసులో వెయ్యను, చేతిసంచీలోనే తీసుకెళ్తాను. వాళ్ళమ్మ కుట్టిన ఫ్రాకే తొడుగుతాను.