పాలు మోసే బండికి తుప్పు - ఇంటి వద్దనే నివారణ

పాల క్యానును శుభ్రంగా తోమే సభ్యులు కూడా, ఆ క్యానును మోసే సైకిలును, మోపెడ్‌ను పట్టించుకోవడం తక్కువని సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు మేము గమనిస్తున్నాము. 40 లీటర్ల పాలు సుమారు 41 కిలోలు తూగుతాయి. క్యాను బరువు అదనం. తుప్పు తిన్న క్యారియరు బోల్టు దారిలో విరిగితే ఆ పూట పాలు నేలపాలే. మనిషికి దెబ్బ తగిలితే ఆ నష్టానికి లెక్క లేదు.

ఇనుమును నీరు, గాలిలోని ఆమ్లజని కలిసి తుప్పుగా మారుస్తాయి. తుప్పు పొరలుగా రాలిపోతూ లోపలి ఇనుమును మళ్ళీ గాలికి విడుస్తుంది. కనుక అది తనంతట తాను ఆగదు. క్యాను నుండి చిందిన పాలు పులిసి, తేమను నిలిపి తుప్పును త్వరపరుస్తాయి. అందువలన క్యాను ఆనే చోటును ముందుగా చూడాలి.

తీసే విధానం ఇది. నట్లు, బోల్టులు, బిగింపు పట్టీలు విప్పి, మట్టిని, జిడ్డును సబ్బునీటితో కడగాలి. జిడ్డు ఉంటే పులుపు ఇనుమును తాకదు. వైరు బ్రష్షుతో పెచ్చులు రాల్చి, ప్లాస్టిక్ తొట్టిలో వెనిగర్ పోసి రాత్రంతా నాననివ్వాలి. వెనిగర్ లేనిచో చిక్కటి చింతపండు పులుసు వాడవచ్చు. పని కొంత నిదానిస్తుంది. విప్పరాని క్యారియరు కడ్డీలకు వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టాలి. పులుపులో ఉప్పు కలపవద్దు. కడిగిన తరువాత మిగిలిన ఉప్పే కొత్త తుప్పుకు కారణమవుతుంది.

ఉదయం మరల రుద్ది, లీటరు నీటిలో చెంచాడు వంటసోడా కలిపి అందులో ముంచి, మంచినీటితో కడగాలి. వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టాలి. మరకు నూనె, కడ్డీకి రెడ్ ఆక్సైడ్ పూసి ఆపైన రంగు వేయాలి. తడిగా వదిలిన ఇనుము కొద్ది గంటలలోనే మళ్ళీ ఎర్రబడుతుంది. తుప్పు తీయడం సగం పని, ఆరబెట్టి పూత పూయడం మిగతా సగం.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి:

1. చైనును, స్ప్రింగులను పులుపులో నానబెట్టవద్దు. చైనును డీజిల్ గుడ్డతో తుడిచి నూనె వేయాలి.

2. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వాడవద్దు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని, పక్కనున్న ఇనుముకూ తుప్పు.

3. జస్తా పూత ఉన్న భాగాలను పులుపులో వేస్తే ఆ పూతే కరిగిపోతుంది.

4. బ్రేకు కట్టలకు, రిమ్ముకు నూనె అంటనీయవద్దు.

5. ఈ పనికి వాడిన తొట్టిని, బ్రష్షును పాల గిన్నెల దరికి రానీయవద్దు.

గుంటలు పడిన బోల్టు, పోగులు తెగిన బ్రేకు తీగ శుభ్రం చేసినా బలం పుంజుకోవు. వాటిని మార్చడమే మార్గం. కొత్త బోల్టు ఖరీదును ఒక క్యాను పాల ధరతో పోల్చి చూసుకోవలసినదిగా సభ్యులను కోరుతున్నాము.